మూడు గళ్ళ తగవు

మా కోదాడ మామయ్య పోయాడని పోయిన వారం పొద్దున్నే అత్తమ్మ ఫోన్ చేసింది. అప్పటికి సూర్యాపేటలో మా నాన్న అరుగు మీద కూర్చుని పేపర్ చివరి పేజీ చూస్తున్నాడు. ఆ పేజీలో రోజూ మూడు గళ్ళ బొమ్మల కార్టూన్ వస్తుంది. నేను విషయం చెప్పగానే పేపర్ మడిచి ఒళ్ళో పెట్టుకుని, "ఇయ్యాల్టి బొమ్మ సూసిండో లేదో" అన్నాడు. ఆ తర్వాతే ఏడ్చాడు.

మామయ్య మా అమ్మకు అన్న. కోదాడలో దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయాక తన షట్టర్ దుకాణంలోనే ఫొటోలకు ఫ్రేములు కట్టాడు. నాన్న ఆర్టీసీ కండక్టర్. కోదాడ మీదుగా మిర్యాలగూడ పోయే బస్సులోనే ఎక్కువ కాలం డ్యూటీ చేశాడు. బస్సు కోదాడ స్టాండులోకి రాగానే మామయ్య చేతిలో పేపర్‌తో తలుపు దగ్గర ప్రత్యక్షం. బావా బాగున్నావా, చెల్లెలు బాగుందా అన్న మాటే ఉండదు. నేరుగా తగవులోకి దిగేవాడు. పేపర్లలో బొమ్మల కథలు వేసేవాళ్ళలో అందరికన్నా గొప్పవాడెవరు? వాళ్ళిద్దరికీ జీవితాంతం ఉన్న పేచీ ఇదొక్కటే.

మామయ్య అభిమానించే ఆయన ఒక్క మాట కూడా రాయకుండా బొమ్మ వేస్తాడు. నాన్న మెచ్చే ఆయన గళ్ళ నిండా మాటలు కుక్కుతాడు.

"మూడో గడి చూడు బావా. మనిషే లేడు, తడిసిన గొడుగొక్కటే ఉంది. అయినా మనిషి కనపడట్లా? గీతంటే అదీ!" అనేవాడు మామయ్య.

"మనిషే లేకుంటే నేనెవర్ని సూసి నవ్వాలె? మా ఆయన బొమ్మల అత్త నోరు తెరిసిందంటే మా ఇంట్ల మాట్లాడినట్టే ఉంటది" అనేవాడు నాన్న.

డ్రైవర్ హారన్ మీద హారన్ కొట్టేవాడు. ఓసారి హుజూర్‌నగర్ పోయే ఒకామె, "మీ పంచాయితీ తెగేది కాదు గని, జర బస్సు కదలనియ్యండయ్యా" అని మొత్తుకుంది. మామయ్య ఆమెకూ పేపర్ చూపించి నీ ఓటెవరికమ్మా అని అడిగాడు.

నా పెళ్ళి మిర్యాలగూడలో జరిగింది. అల్లుడి కాళ్ళు కడగాల్సిన వేళకు నాన్న కనపడలేదు. వెతికితే వంటల దగ్గర దొరికాడు. మామయ్య పొయ్యిలోంచి తీసిన బొగ్గు ముక్కతో అట్టపెట్టె మీద తన ఆయన ముక్కులెలా వేస్తాడో గీసి చూపిస్తున్నాడు, నాన్న అడ్డంగా తలూపుతున్నాడు. అమ్మ ఇద్దరినీ కలిపి తిట్టింది. ఆ రోజు నాకూ కోపమొచ్చింది గానీ, ఇప్పుడు ఆ అట్ట ఉంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది.

షట్టర్‌లో మామయ్య ఇద్దరి బొమ్మలూ ఫ్రేము కట్టి పెట్టుకున్నాడు. నాన్న మెచ్చే ఆయనది మాత్రం ఎండ పడే గోడకు తగిలించాడు. ఎందుకని అడిగితే, "తొందరగా వెలిసిపోవాలనే" అని పకపకా నవ్వాడు. అలాగని దాని మీద దుమ్ము మాత్రం ఎప్పుడూ పడనివ్వలేదు.

మామయ్యకు కంటి ఆపరేషన్ అయినప్పుడు దవాఖానలో నాన్న మనసు కరిగి, "పోనీలే బావా, నీ ఆయనే గొప్పోడు" అన్నాడు. మామయ్య కంటికి కట్టుతోనే లేచి కూర్చున్నాడు.

"నేనేమన్నా పోతున్నానా? నా మొహం చూసి ఒప్పుకుంటావేంటి? చేతనైతే ఓడించు, జాలి పడకు!"

నాన్న అప్పటికప్పుడు మాట వెనక్కి తీసుకున్నాడు. మామయ్య హాయిగా పడుకున్నాడు.

మామయ్య పోయిన మూడో రోజు సాగర్ కాలువ గట్టున, కాకి వచ్చి ముట్టాలని పిట్టకు పెట్టాం. మామయ్యకు ఇష్టమని చేపల పులుసు, గారెలు వడ్డించి దూరంగా నిలబడ్డాం. తుమ్మచెట్టు మీద కాకులున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. కాకుల వైపు చూస్తూ, షట్టర్ మూతపడకుండా చూస్తామని ఒకరు, అత్తమ్మను కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటామని ఇంకొకరు మాటిచ్చారు. ఎండ ముదిరింది. విస్తరాకు అంచులు వడలిపోతున్నాయి. "ఏం మనసులో పెట్టుకుని పోయాడో" అని అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాకి ఆకు ముట్టకపోతే ఆమె ఇంటికి వచ్చేలా లేదు. అందరూ నాన్న వైపు చూశారు.

నాన్న ముందుకొచ్చి చేతులు జోడించాడు. "బావా, ఇగ ఒప్పుకుంటున్న. నీ ఆయనే గొప్పోడు."

ఒక్క కాకీ దిగలేదు. పైగా ఒకటి లేచి కాలువ అవతలికి ఎగిరిపోయింది. నాన్న భుజం మీది తువ్వాల తీసి విదిలించాడు.

"ఒప్పుకోను, పో! నా ఆయనే గొప్పోడు. దమ్ముంటే రా బావా, తేల్చుకుందాం!" అని కేకేశాడు.

ఒక కాకి దిగింది. అటూ ఇటూ చూసి గారె అందుకుంది. అత్తమ్మ బిగ్గరగా ఏడ్చేసింది. అది మామయ్యేనా అని నన్నడిగితే నేను చెప్పలేను. కానీ ఆ క్షణంలో నా మనసు కుదుటపడింది.

అందరం వెనుదిరిగాం. నాన్న ఒక్కడే రాలేదు. తిరిగి చూస్తే గట్టు మీద గొంతుక్కూర్చుని జేబులోంచి ఆ రోజు పేపర్ ముక్క తీస్తున్నాడు. మామయ్య మెచ్చే ఆయన వేసిన బొమ్మ అది. చదివి వినిపించడానికి అందులో ఒక్క మాటా లేదు. నాన్న దాన్ని రెండు చేతులతో కాకి వైపు తిప్పి పట్టుకున్నాడు.