అవ్వ పుట్టిల్లు వెతుక్కుంటూ ఆళ్లగడ్డకు

మా అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి, నంద్యాలలో కన్యాస్త్రీల అనాథాశ్రమంలో పెరిగింది. "నన్ను ఆ గేటు కాడ పారేసి పోయినారు" అనేది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేది కాదు. మా నాయన తరఫు వాళ్లకు కోపమొస్తే చాలు, అమ్మను "దిక్కులేనిదాని కూతురు" అనేవాళ్లు. ఎనభైల మొదట్లో, అవ్వ పోయిన ఏడాదికి, "మాయమ్మ కోసం ఒక్కరన్నా వచ్చినారో లేదో నాకు తెలియాల" అని అమ్మ పట్టుబట్టింది. సరే పదమన్నాను.

కర్నూలులో ఆరింటి ఎర్రబస్సెక్కితే ఎనిమిదిన్నరకు నంద్యాల. టికెట్టు ఎనిమిది రూపాయల లోపే. అక్కడి నుంచి ఆశ్రమానికి జట్కా రెండు రూపాయలు. సిస్టరమ్మ ఓపిగ్గా పాత రిజిస్టరు తీసింది. మరియమ్మ అని అవ్వ పేరు దొరికింది గానీ, తల్లిదండ్రుల గడిలో "తెలియదు" అని ఉంది. అమ్మ మొహం చిన్నబోయింది. ఇంతదూరం తీసుకొచ్చి ఏడిపించానే అని నన్ను నేనే తిట్టుకున్నాను. నీళ్లు తాగి పోదామని వంటింటి వైపు వెళ్తే, చింతపండు పిక్కలు తీస్తున్న ముసలామె అమ్మను ఎగాదిగా చూసింది. పేరు అన్నమ్మ. అవ్వతోపాటే అక్కడ పెరిగి, వంటమనిషిగా ఉండిపోయిందట.

"ఎవురమ్మా నువ్వు? అచ్చం మరియమ్మ మొగమే!"

"ఆమె కూతుర్ని. మాయమ్మ కోసం ఎవురన్నా వచ్చినారా పెద్దమ్మా?"

"రాకేం! నరసప్ప ఆళ్లగడ్డ నుంచి నడిచొస్తాండె, మా రోళ్లకు ఉలితో గాట్లు పెట్టేకి. దుడ్లిస్తే ముట్టడు. మరియమ్మను పక్కన కూచోబెట్టుకొని పని చేస్తాండె. వాళ్ల నాయనే!"

"మరి మాయమ్మకు ఎవురూ చెప్పలేదే!"

"చెప్తే ఎంటపడుతుందని నాతో ఒట్టేయించుకున్యాడు. కరువు తల్లీ! ఇంటికి తోలకపోయి ఏం పెడతాడు? పెండ్లయి పోయినాక మరియమ్మ మల్లా నాకు యాడ కనపడింది?"

అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

పదకొండు గంటల బస్సుకు ఆళ్లగడ్డ బయలుదేరాం. నాలుగు రూపాయలు, గంటంపావు ప్రయాణం. రాతిపని చేసేవాళ్లు ఎక్కడుంటారని కండక్టరును అడిగితే, "ఉలి సప్పుడు ఇనపడే దిక్కు పోండి" అన్నాడు. నిజంగా అలాగే పోయాం. మూడో ఇంట్లో నరసప్ప కొడుకు ఓబులేసు దొరికాడు. డెబ్బై ఏళ్లకు దగ్గర్లో ఉన్నాడు. అమ్మ తానెవరో చెప్పగానే ఉలి కింద పెట్టి, "అక్క యాడ?" అన్నాడు.

"నిరుడు పోయింది మామా."

ఆయన తల కొట్టుకున్నాడు. "పెద్దాయన పొయ్యేటప్పుడు చెప్పినాడు, నీకు ఒగక్క ఉండాదని. ఊరు తెలీక గమ్మునుంటి. మీరన్నా ఇన్నేండ్లు ఏం చేస్తాంటిరి?" అని మామీదే అరిచి, లోపలికి తిరిగి, "ఏమే, అన్నం వండు! మా అక్క కూతురొచ్చింది" అన్నాడు.

సాయంత్రం బయలుదేరేటప్పుడు ఆయన భార్య పసుపు కుంకుమలతో అమ్మకు ఒడిబియ్యం పోసింది. మెళ్లో సిలువ గొలుసున్నా అమ్మ తన కొంగు పట్టి, పుట్టింటి ఆడపడుచులాగే తీసుకుంది. సంచిలో వేద్దామంటే వినలేదు. కర్నూలు దాకా ఒళ్లోనే పెట్టుకుంది. ఆ తర్వాత ఇంట్లో ఎవరేమన్నా అమ్మ తల దించుకోలేదు.

ఇలా మీవాళ్లను వెతుక్కుంటూ వెళ్లేవాళ్లకు ఒక్కటే చెబుతాను. రిజిస్టరు చూసి వెనక్కి రాకండి, వంటింట్లో ఉన్న ముసలివాళ్లను అడగండి. వెళ్లేదేదో బేగా వెళ్లండి. మేము రెండేళ్ల ముందు వెళ్లుంటే, ఆ బియ్యం అవ్వ ఒళ్లో పడేవి.