వెనీసు యాత్రికుడు, మేనకోడలి ముహూర్తం

ఒక్క ఉపన్యాసంతో మేనకోడలి నిశ్చితార్థాన్ని మూడు నెలలు వెనక్కి నెట్టిన ఘనత ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో నా ఒక్కడిదేనని సగర్వంగా మనవి చేస్తున్నాను. కాదనేవారు ఆధారాలతో రావాలి.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది కోస్గిలో, మా చెల్లెలింట్లో జరిగిందీ ఘనకార్యం. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన నాకు తేదీలంటే ప్రాణం. అందుకే పురోహితుడు, "పదకొండు దాటితే వర్జ్యం. సారు గడియారం ఉండంగ మనకేం ఫికర్?" అని వేళ చూసే బాధ్యత నాకు అప్పగించాడు. పాలకుండకు పిల్లిని కాపలా పెట్టామని అప్పుడెవరికీ తట్టలేదు.

పోచంపల్లి నుంచి మగపెండ్లివారు పెందలాడే వచ్చారు. పళ్లెంలో వాళ్ల మగ్గం మీద నేసిన పట్టుచీర పెట్టారు. ముహూర్తానికి పిల్ల దాన్నే కట్టుకోవాలి. చీర చూడగానే నా నాలుక కట్లు తెంచుకుంది.

"కాకతీయుల కాలంలోనే మన నేత చూసి ఒక వెనీసు యాత్రికుడు ముక్కున వేలేసుకున్నాడు" అన్నాను.

"ఎవడు సారూ వాడు?" అంది పెండ్లికొడుకు నానమ్మ.

అడిగింది ఒక్క మాట. నేను పన్నెండు వందల యాభై నాలుగులో అతని పుట్టుక నుంచి అందుకున్నాను. పదిహేడేళ్లకు తండ్రి వెంట బయలుదేరదీశాను. ఎడారులు దాటించాను.

"బావా, టైమెంతైంది?" చెల్లెలి భర్త చెవిలో అడిగాడు.

"పన్నెండు వందల డెబ్బై అయిదు. ఇప్పుడే చీనా చేరాడు."

పురోహితుడు దగ్గాడు. "సారూ, జర గడియారం..."

"ఆగండయ్యా, ఇంకా మన తీరానికే రాలేదు."

చీనా చక్రవర్తి అతణ్ణి పదిహేడేళ్లు కొలువులో ఉంచుకొని వదిలాడు. నేను మాత్రం వదలలేదు. చివరికి చెల్లెలు నా మణికట్టు పట్టుకొని గడియారాన్ని నా ముక్కుకు ఆనించింది. పదకొండున్నర.

పురోహితుడు పంచాంగం మూశాడు. "ఇయ్యాల ఇగ ముహూర్తం లేదు, రేపటి నుంచి మూఢం. ఇగ మూన్నెల్లదాంక మంచి గడియ లేదు."

"శకునం మంచిగ లేదు" అంటూ పెండ్లికొడుకు తల్లి చీర పళ్లెం ఎత్తింది. మేనకోడలు నా వైపు చూసిన చూపును ఏ శాసనంలోనూ చదవలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను చీనా గెలిచి ఇంట ఓడిపోయాను.

"పళ్లెం దించు కోడలా" అంది అవ్వ. "సారూ, వాడు ఇల్లు చేరిండా లేదా?"

"చేరాడమ్మా, పన్నెండు వందల తొంభై అయిదులో. చూసిందంతా చెబితే చాలామంది నమ్మలేదు. రెండు వందల ఏండ్ల తర్వాత ఒక నావికుడు ఆ మాటలు నమ్మి, మన దేశం వెతుకుతూ పడమటికి ఓడ వదిలాడు."

"ఇన్నవా కోడలా? ఎవని మాటనో రెండు నూర్ల ఏండ్లు నిలిచిందట. మనం ఇచ్చిన మాట మూన్నెల్లు నిలవదా? చీర ఈడనే ఉంచు." కాస్త ఆగి, "లగ్గం నాడు మాత్రం సారును డప్పులోళ్ల నడుమ కూసోబెట్టుండ్రి" అంది.

మూడు నెలలకు నిశ్చితార్థమైంది. లగ్గం నాడు అన్నట్టే కూర్చోబెట్టారు. పెండ్లి నిమిషం తప్పకుండా జరిగింది. తలంబ్రాలయ్యాక అవ్వ వచ్చి, "గా పడమటికి పోయినోడు మన దేశం చేరిండా సారూ?" అనడిగింది. డప్పులవాళ్లు పుల్లలు చేతిలోకి తీసుకున్నారు.

"తొవ్వ తప్పిండు అవ్వా" అన్నాను. నా జీవితంలో అతి చిన్న ఉపన్యాసం అదే.

కనుక సభాముఖంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: మూడు ముళ్లూ పడేదాకా ఏ యాత్రికుణ్ణీ ఇల్లు కదలనివ్వను. పడ్డాక మాత్రం, శ్రోతలు భోజనాలు మానుకోవలసి వచ్చినా సరే, తిరిగి ఇంటికి చేర్చేదాకా ఆపను.