ముక్కు అరిగిన సింహం

పెళ్ళికి ముందు ఆ రోజుల్లో భయమంటే నాకు భద్రాచలం బస్సులో సీటు దొరకదేమోనన్న భయం ఒక్కటే. ఇప్పుడు పాప రెండుసార్లు తుమ్మితే చాలు, దవాఖానా గుర్తొస్తుంది. అందుకే కాబోలు, పాపను పడుకోబెట్టి ఇలా రాసుకోవడానికి కూర్చున్నప్పుడల్లా ఆ ఇటలీ ఊరి మీదికే మనసు పోతుంది.

డిగ్రీ అయ్యాక భద్రాచలంలో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. అడవి ఊళ్ళలో తల్లులకు పిల్లల పెంపకం గురించి చెప్పడం నా పని (పెళ్ళికాని పిల్ల చెబుతుంటే పాపం మర్యాదగా వినేవాళ్ళు). మాకు సాయం పంపే ఇటలీ వాళ్ళు ఒకసారి ఇద్దరిని శిక్షణకు పిలిచారు. నాతో వచ్చింది దమ్మపేట పెద్దక్క, ఆఫీసులో అందరికీ అక్కే. బయలుదేరేనాటికి ఆమె కొడుక్కి జ్వరం. అక్కడికి చేరాక ఎంత ప్రయత్నించినా ఇంటికి ఫోను కలవలేదు. అక్కకు ముద్ద దిగలేదు.

సెలవురోజు కొండమీది పాత ఊరు చూడబోయాం. వందల ఏళ్ళనాటి రాతి చర్చి. తలుపుకు అటూ ఇటూ స్తంభాలను వీపున మోస్తున్న సింహాలు, పైన రథచక్రంలాంటి కిటికీ. ఒక సింహానికి ముక్కు పూర్తిగా అరిగిపోయింది (తరతరాల పిల్లలు ఎక్కి ఆడి ఉంటారు). నేను నోరు తెరుచుకుని చూస్తుంటే అక్క మెట్లమీద చెప్పులు విడిచేసింది.

"అక్కా, ఈడ ఎవ్వరు ఇడుస్తలేరు!"

"వాళ్ళిష్టం. ఏ దేవుడైతేంది, గుడి గుడే. మా పోరనికి జ్వరం తగ్గాలె. మూడు చుట్లు తిరుగుదాం, నువ్వు గూడ ఇడువు."

ఆ చలికి కాళ్ళకింద రాయి మంచుగడ్డలా ఉంది. నడక మొదలుపెట్టాక గానీ తెలియలేదు, ఆ చర్చి చుట్టూ తిరగడానికి దారే లేదని. ఇళ్ళు దాని గోడలకే అతుక్కుని ఉన్నాయి. ప్రదక్షిణకు గుడి కుడిచేతివైపు ఉండాలి కదా, కుడికి తిరిగే సందు దొరికేదాకా నడిచాం. కమాను కిందుగా, ఆరేసిన దుప్పట్ల కిందుగా, మెట్లు దిగి, బావి దాటి. పెద్ద గోడ కనబడగానే అక్క "వచ్చినం" అనేది. తీరాచూస్తే అది వేరే చర్చి, లోపల మసకలో గోడలనిండా రంగు వెలిసిన దేవదూతలు. ఇంకో మలుపులో ఇటుకల గంటగోపురంతో మరొకటి. అక్కడా సింహాలే.

"గిదేనేమో చూడే!"

"కాదక్కా, వీటికి ముక్కులున్నయ్!"

మా వట్టి పాదాలు చూసి ఓ ముసలమ్మ ఏదో అంది. "ఏమంటున్నదే?" అంది అక్క. "పోరడు మంచిగుంటడంటున్నది" అన్నాను, ఒక్క మాట అర్థంకాకపోయినా.

మా సింహం దగ్గరికి చేరేసరికి పొద్దు వాలింది. చెప్పులు లేవు. చర్చి చూసుకునే తాత, ఎవరో పేదలకోసం వదిలివెళ్ళారనుకుని దానాల పెట్టెలో వేశాడట. సైగలన్నీ అయ్యాక తెచ్చిచ్చాడు. మా కాళ్ళవైపు చూసి ఆ పెట్టెలోంచే రెండు జతల ఉన్ని మేజోళ్ళూ ఇచ్చాడు.

ఆ సాయంత్రమే ఫోను కలిసింది. జ్వరం తగ్గిందట. అక్క మేజోళ్ళ కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఏడుస్తూనే నవ్వింది. "ఒక్క చుట్టుకే తగ్గింది! ఇంక రెండున్నయ్." కానీ తెల్లారితే మా ప్రయాణం. "నువ్వెప్పుడన్న మళ్ళొస్తే నా రెండు గూడ తిరుగు పిల్లా" అంది. నేను పడీపడీ నవ్వాను.

మళ్ళీ వెళ్ళలేదు. ఇక వెళ్తానన్న ఆశా లేదు. ఈ కిరాయి గదిలో దగ్గుతున్న పాపను భుజాన వేసుకుని మంచం చుట్టూ తిరుగుతుంటే మాత్రం, తలుపు దగ్గర ఆ కమాను, బియ్యం డబ్బా దగ్గర ఆ బావి, దండెంమీది పాప బట్టలే ఆ దుప్పట్లు. ఇంకొక్క మలుపు తిరిగితే ముక్కు అరిగిన సింహం కనబడుతుందనగా పాప నిద్రపోతుంది. నేను ఆగను. అక్కవి ఇంకా రెండున్నాయి కదా.