మోకాళ్ల నొప్పులు లేని ఊరు

రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఫిబ్రవరి రెండో సోమవారం నాడు నన్ను పుల్లలచెరువు మండలానికి వేశారు. అప్పట్లో నేను ఒంగోలులో ఒక స్వచ్ఛంద సంస్థ పరిశోధన విభాగంలో సీనియర్ రీసెర్చ్ ఆఫీసర్ని. హోదా పేరు బరువుగా ఉన్నా పని తేలికగానే చెప్పవచ్చు. ఊళ్లు తిరిగి, జనానికి ఏం కావాలో అడిగి, ఆ జవాబులను పట్టికలుగా మార్చి, సాయం చేయదలచిన దాతల ముందు పెట్టాలి. మావాళ్లు దీన్ని నీడ్స్ అసెస్‌మెంట్ అంటారు.

ఈసారి దాతలు మార్కాపురంలో మూడు తరాలుగా పలకల వ్యాపారం చేసిన ఒక కుటుంబం. నాయనమ్మ పేరిట ట్రస్టు పెట్టి, పడమటి ప్రకాశంలో ఏదో ఒక ఊరికి మంచినీళ్ల ప్లాంటు కట్టించాలనుకున్నారు. ఊరిని ఎంచడంలో బంధువుల మాటగానీ నాయకుల సిఫార్సుగానీ పనికిరాదని ట్రస్టు పెద్దాయన పట్టుబట్టాడు. అందుకని మూడు ఊళ్లు తీసుకుని ఇంటింటి సర్వే చేయాలి, కష్టాల లెక్కన మార్కులు వేయాలి, ఎక్కువ మార్కులు వచ్చిన ఊరికి ప్లాంటు. సర్వే చేసిన ఊరి పేరు బయటపెట్టకూడదన్నది మా నియమం. నేను చెప్పబోయే ఊరికి మా కాగితాల్లో 'పు-3' అని గుర్తు. ఇక్కడా అంతే చెబుతాను.

నాతో వచ్చిన ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ సరోజిని. గడప దగ్గర కూర్చుని ప్రశ్నలడిగి షెడ్యూలు నింపడం ఆమె పని. షెడ్యూలు అంటే ప్రశ్నల కాగితమే. పక్కన ఉండి చూసుకోవడం నా పని. సరోజినికి యాభై దాటాయి. పెద్ద బొట్టు, జరీ అంచు నేత చీర, భుజాన తోలు సంచి. నాది తెల్లచొక్కా, కళ్లజోడు, చంకలో ఫైలు. మా వేషాలు ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది.

ఊళ్లో అడుగుపెట్టే ముందు సర్పంచిని కలిసి, మేమెవరమో మైకులో చెప్పించాలి. ఇది మా పనిలో మొదటి పాఠం. సర్పంచి వాళ్లమ్మ కంటి ఆపరేషన్ కోసం గుంటూరులో ఉన్నాడు. ఫోన్ చేస్తే, "మీరు మొదలుపెట్టుకోండి సార్, నేను చెప్పిస్తాలే" అన్నాడు. చెప్పించలేదు. చెప్పించాడో లేదో నేనూ కనుక్కోలేదు. అంత సర్వీసు ఉన్నవాడు చేయాల్సిన తప్పు కాదది.

మొదటి ఇల్లు గురవమ్మ అనే ముసలామెది. ఆమె గోడ పట్టుకుని, రెండు విడతలుగా లేచి మాకు మంచం వాల్చింది. సరోజిని నియమం ప్రకారం పరిచయ వాక్యం చదివింది: "మీ కుటుంబ స్థితిగతులు తెలుసుకొనుటకు వచ్చితిమి. మీరు తెలిపిన విషయములు గోప్యముగా ఉంచబడును." ఆ వాక్యం రాసింది ఆఫీసులో ఎవరో. మనుషులెవరూ అలా మాట్లాడరు. 'గోప్యముగా' అన్న మాట వినగానే గురవమ్మ మా ఇద్దరినీ పైనుంచి కిందికి చూసి నవ్వింది. "అర్థమయ్యిందిలే అమ్మా. అడుగు" అంది.

నీళ్లు ఎలా ఉంటాయని అడిగాం.

"కొబ్బరినీళ్లే" అంది.

ఇంట్లో ఎవరికైనా కీళ్ల నొప్పులు, నడుము నొప్పి?

"మాకా? ఊరు మొత్తం గాలించినా ఒక్క మోకాలి నొప్పి దొరకదు నీకు." ఇలా అంటూ మోకాలు నిమురుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. మాట్లాడినంతసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ప్రాంతపు నీళ్లలో ఫ్లోరైడు కీళ్లను పట్టేస్తుంది, పళ్ల మీద గోధుమరంగు చారలు తెస్తుంది. ఆ చారలు మాకు కనబడకూడదని ఆమె తాపత్రయం.

చివరి ప్రశ్న, మీ ఊరికి అన్నిటికంటే అవసరమైనది ఏమిటని. గురవమ్మ ఏమాత్రం తడుముకోలేదు. "మాకేం లోటు లేదు. పిల్లోళ్ల మాట అడిగితే, మాలకొండయ్యలాంటోడు ఈ చుట్టుపక్కల లేడు" అంది.

రెండో ఇంట్లోనూ అదే. మూడో ఇంట్లో చల్లటి మజ్జిగ, నాలుగో ఇంట్లో అరటిపళ్లు, ఐదో ఇంట్లో కూల్‌డ్రింకు. ప్రతి వాకిట్లోనూ ట్యాంకరు కోసం నీలం డ్రమ్ములు బారులు తీరి ఉన్నాయి. మాకు మాత్రం ప్రతి ఇంట్లోనూ కొనుక్కొచ్చిన డబ్బానీళ్లు పోసి, "మా బోరు నీళ్లే" అన్నారు. ఒక ఇంట్లో వంగిన కాళ్ల ముసలాయన్ని మేం వస్తున్నామని పక్కగదిలోకి పంపడం నేను కళ్లారా చూశాను. అందరూ చివర్లో మాలకొండయ్య పేరు చెప్పారు. తాగడు, అబద్ధమాడడు, పొద్దున్నే లేస్తాడు. ఎవరో పంచాయతీ ఎన్నికల్లో నిలబడబోతున్నాడనుకున్నాను. సరోజిని షెడ్యూలు అంచున 'ఎవరీ మాలకొండయ్య?' అని పెన్సిలుతో రాసుకుంది.

సాయంత్రానికి పన్నెండు షెడ్యూళ్లు పూర్తయ్యాయి. పన్నెండింటిలోనూ మార్కులు సున్నా. నా సర్వీసులో ఒక్క అవసరమూ లేని ఊరు అదే మొదటిది. డైరెక్టరుకు ఫోన్ చేసి చెబితే, ఆయన, అలాంటి ఊరు నిజంగా ఉంటే ఉద్యోగం మానేసి తానూ అక్కడే ఇల్లు కట్టుకుంటానన్నాడు. తర్వాత గంభీరంగా, రేపు సాయంత్రానికి లెక్క ఇలాగే ఉంటే పు-3ని జాబితాలోంచి తీసెయ్యమన్నాడు. అది నాకు మింగుడుపడలేదు. నీళ్లకోసం అన్ని డ్రమ్ములు కాసుకుని ఉన్న ఊరికి నా కాగితాల వల్లే నీళ్లు రాకుండా పోతాయి.

మర్నాడు తిరపతయ్య అనే రైతు ఎదురొచ్చి మమ్మల్ని ఇంటికి పిలుచుకుపోయాడు. సర్వేకు వెళ్లినచోట భోజనం చేయకూడదన్నది ఇంకో నియమం. ఆ మాట చెప్పే వ్యవధి కూడా ఇవ్వలేదు. టెంటు దుకాణం నుంచి తెచ్చిన కుర్చీలు వేసి ఉన్నాయి. గురవమ్మతో సహా వీధిలో సగంమంది అరుగుల మీద చేరారు. ముప్పై దాటిన మనిషొకడు ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుని స్తంభం పక్కన నిలబడ్డాడు. "మా మాలకొండయ్య" అన్నాడు తిరపతయ్య.

తిరపతయ్య భార్య ఆదెమ్మ సరోజిని పక్కన కూర్చుని, "ఏందైనా మొగమాటం లేకుండా అడుగు వదినా. ముందు మా మాటొకటి. పిల్ల ఏం చదివింది?" అంది.

సరోజినికి ఒక కూతురుంది. కూతురి చదువు గురించి ఎవరు అడిగినా ఆమె ముఖం వెలిగిపోతుంది. "బీటెక్ మూడో సంవత్సరం. ఫస్టు క్లాసు" అంది.

అరుగుల మీదివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తిరపతయ్య గొంతు సవరించుకున్నాడు. "మావోడు పది ఫెయిలే. దాచేదేముంది? కానీ సొంత ట్రాక్టరు ఉంది. నాలుగెకరాల కంది ఉంది."

"అంత చదువు మనకొద్దు నాయనా" అన్నాడు మాలకొండయ్య, స్తంభంతో చెబుతున్నట్టు.

అప్పుడు నాకు వెలిగింది. పిల్లనిచ్చేవాళ్లు ముందుగా ఇద్దరు పెద్దమనుషులను పంపి, ఎవరో చెప్పకుండా ఊళ్లో వాకబు చేయిస్తారు. పొలమెంత, నీళ్లెలా ఉన్నాయి, ఇంట్లో జబ్బులున్నాయా అని అడుగుతారు. మా షెడ్యూల్లో ఉన్నవీ సరిగ్గా అవే. నేను గుర్తింపు కార్డు తీసి, ట్రస్టు సంగతీ ప్లాంటు సంగతీ మొదటినుంచీ చెప్పాను.

ముందుగా తేరుకున్నది గురవమ్మ. "అయితే మీరు కనిగిరోళ్లు కాదా? ఓరి మీ ఇల్లు బంగారంగానూ! నిన్నటి నుంచి నొప్పులు దాచుకోలేక సస్తిని గదయ్యా!" అని రెండు మోకాళ్లూ పట్టుకుని కూలబడింది. వీధంతా నవ్వింది. మాలకొండయ్య తప్ప.

తిరపతయ్య అసలు విషయం చెప్పాడు. నీళ్ల పేరు చెప్పి ఈ ఊరికి ఎవరూ పిల్లనివ్వడం లేదు. కుదిరిందనుకున్న సంబంధాలు బోరు చూశాక వెనక్కి పోయినాయి. ఇప్పుడు కనిగిరి దగ్గరనుంచి ఒక సంబంధం వచ్చింది. ఈ వారంలో వాళ్ల తరఫువాళ్లు వాకబుకు వస్తారని కబురందింది. ఒక్క మాట తేడా రాకూడదని ఊరంతా కట్టుబడింది. నొప్పుల్లేని ఊరు అలా తయారైంది.

పన్నెండు షెడ్యూళ్లనూ రద్దు చేశాను. రద్దయినవాటిని చించకూడదు, అడ్డగీత కొట్టి, సంతకం చేసి భద్రం చేయాలి. ఆ ఇళ్లకు మళ్లీ అదే ఇన్వెస్టిగేటర్ పోకూడదు, వేరే జట్టు రావాలి. రేపు మావాళ్లే ఇంకో ఇద్దరొస్తారని, ఉన్నది ఉన్నట్టు చెప్పమని అన్నాను. ఈసారి దగ్గరుండి మైకులో చెప్పించాను: "రేపు పొద్దున సర్వేవోళ్లు వస్తారు. ఒక మగాయన, ఒక ఆడామె. ఏదీ దాచొద్దు. దాస్తే ప్లాంటు పోతుంది."

మూడో రోజు పొద్దున త్రిపురాంతకం వైపు పనిచేస్తున్న మా రెండో జట్టును తీసుకుని బయల్దేరాను. దారిలో ఆటో టైరు పంక్చరై రెండు గంటలు పోయాయి. మేం ఊరు చేరేసరికి గురవమ్మ అరుగు మీద ఒక పెద్దాయన, ఒక పెద్దామె కూర్చుని ఉన్నారు. చుట్టూ ఎనిమిదిమంది ఆడవాళ్లు. గురవమ్మ చీర కాస్త పైకి లాగి మోకాలు చూపిస్తోంది. ఇంకొకామె పళ్లు చూపిస్తోంది. మొన్న పక్కగదిలో దాచిన ముసలాయన్ని ఇద్దరు పట్టుకుని నడిపించుకొస్తున్నారు. చెంబుతో బోరునీళ్లు తెచ్చి, "తాగి చూడన్నా, నీకే తెలుస్తది" అని పెద్దాయనకిచ్చారు. ఆయన తాగి ముఖం చిట్లించాడు. "రాసుకోవేంది మరి? ఊరికే వింటే ఏం లాభం?" అని ఒకామె కసిరితే, జేబులోంచి బస్సు టికెట్టు తీసి దాని వెనక ఏదో గీశాడు.

మా డైరెక్టరు ఇంకో జట్టును కూడా పంపాడేమో అనుకున్నాను. మా పని మాకంటే బాగా జరుగుతోంది.

అంతలో ట్రాక్టరు మీద నీళ్ల డ్రమ్ములతో మాలకొండయ్య వచ్చాడు. లుంగీ మోకాళ్లదాకా తడిసి ఉంది. "ట్యాంకరు రాని రోజు ఈ పిల్లోడే తెస్తాడు. లేకుంటే మా గతి అంతే" అంది గురవమ్మ ఆ పెద్దాయనతో. పెద్దామె దాహంగా ఒక డ్రమ్ము వైపు వంగింది. మాలకొండయ్య కేకేశాడు. "అత్తా, అయ్యి తాగేయి కావు, వాడుకునేయి. ఉండు, డబ్బానీళ్లు తెస్తా." తెచ్చిచ్చి, ఆమె ఎవరని కూడా అడగకుండా డ్రమ్ములు దించుకుంటూ పోయాడు.

వెనకాలే పొలం నుంచి తిరపతయ్య వచ్చాడు. అరుగు మీద వాళ్లను చూసి అక్కడే నిలబడిపోయాడు. ఆ పెద్దాయన ఫోటో తిరపతయ్య ఇదివరకే చూసి ఉన్నాడు. అతను కనిగిరి సంబంధం పిల్లకు మేనమామ. పక్కనున్నది అతని భార్య. పొద్దున బస్సు దిగగానే ఊరివాళ్లు "సర్వేవోళ్లేనా?" అని అడిగారట. వాకబుకు వచ్చినవాడు తానెవరో చెప్పుకోకూడదు గనక, మంచి అవకాశమే దొరికిందని "ఆఁ" అన్నాడట.

సంగతి తెలిశాక గురవమ్మ చీర పాదాలదాకా దించుకుంది. తిరపతయ్య నన్ను పక్కకు లాగి, "అన్నా, మొన్న రాసిన కాయితాలు చూపియ్యన్నా వాళ్లకు. అన్నీ మంచిగానే ఉండాయి గదా" అని బతిమాలాడు. ఒకరింటి జవాబులు ఇంకొకరికి చూపకూడదు, పైగా అవి రద్దయినవి, అందులోనూ అబద్ధాలు. మూడు కారణాలూ చెప్పాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నియమం నా పక్షాన ఉన్నా ఆ పూట దాన్ని పట్టుకుని నిలబడటం కష్టమైంది.

మేనమామే నా దగ్గరకు వచ్చాడు. "సార్, మీరు చదువుకున్నోళ్లు. ఈ ఊరి సంగతి ఏందో మీరు చెప్పండి."

ఇళ్లల్లో రాసుకున్నది చెప్పలేనని, మా పనిలో ఒక పద్ధతి మాత్రం చెప్పగలనని అన్నాను. ఒకే ప్రశ్న రెండుసార్లు, రెండు సందర్భాల్లో అడిగినప్పుడు మారని జవాబునే మేం నమ్ముతాం.

ఆయన భార్య మధ్యలో అందుకుంది. "పద్ధతులు మనకెందుకయ్యా? మనమెవరో తెలియకముందు చెప్పినారు గదా పిల్లోడి సంగతి. అది చాలు. నీళ్లంటావా, మనూళ్లో ఏమన్నా పన్నీరు పారతా ఉందా?" అంది. అని తిరపతయ్య వైపు తిరిగి, "పిల్ల మాట ఇంకా అడగాల. నేను మాత్రం చూసింది చూసినట్టు చెప్తా" అంది.

ఆ పిల్ల మిషను కుట్టుకునే మనిషి. ఆలోచించుకోవడానికి నెల తీసుకుని, ముందు తాను ఊరు చూస్తానని వచ్చి, చూసి, ఒప్పుకుంది. వేసవిలో పెళ్లయింది.

రెండో జట్టు నింపిన షెడ్యూళ్ల లెక్క తేలాక పు-3 రెండో స్థానంలో నిలిచింది. మొదటి ఊరి పరిస్థితి ఇంకా ఘోరం. ప్లాంటు అక్కడికే పోయింది. మార్కులు మార్చే అధికారం నాకు లేదు, మార్చనూ లేదు. నివేదికలో రద్దయిన షెడ్యూళ్ల సంగతి ఉన్నదున్నట్టు రాశాను. ట్రస్టు పెద్దాయన అది చదివి చాలాసేపు నవ్వాడట. తర్వాత పు-3కి ట్రాక్టరుకు తగిలించే నీళ్ల ట్యాంకు ఒకటి విడిగా కొనిచ్చాడు. ఫలితం చెప్పడానికి నేనే వెళ్లాను. గురవమ్మ విని, "నిజం చెప్పినా రెండో నంబరేనా సార్? ఇంకాస్త కలిపి చెప్పాల్సింది" అంది.

ఆ తర్వాత మిగిలిన మూడేళ్లూ నేను పర్యవేక్షించిన ప్రతి షెడ్యూలు చివరా ఒక ప్రశ్న చేర్చాను: "మేమెవరమనుకుని మాట్లాడారు?" దీన్ని పట్టికల్లో ఏ గడిలో పెట్టాలో తెలియక ఆఫీసువాళ్లు విసుక్కునేవారు. పింఛను తీసేసేవాళ్లనుకున్నామని కొందరు, కరెంటు మీటర్లవాళ్లనుకున్నామని కొందరు, ఓట్లకొచ్చారనుకున్నామని కొందరు చెప్పారు. అలా చెప్పిన ప్రతిచోటా ఆ షెడ్యూలు పక్కన పెట్టి, మేమెవరమో మళ్లీ చెప్పి, మొదటి ప్రశ్న నుంచి అడిగించాను. పని రెట్టింపయింది. జవాబులు మాత్రం వాడుకోవడానికి పనికొచ్చాయి.