పౌడరు ముఖాలు, టీవీ డాక్టరు

మార్టూరులోని ఆ చిన్న ఆసుపత్రి మేడ మీద డిష్ పెట్టిన ఏడాది, అంటే రెండువేల ఏడులో, నర్సు రహమతున్నీసాకి కొత్త పని ఒకటి వచ్చిపడింది. శుక్రవారం శుక్రవారం హైదరాబాదు నుంచి డాక్టర్ శివనాగరాజు టీవీలో కనబడేవాడు. ఇక్కడ కుర్చీలో రోగి. మధ్యలో చేతులు ఆమెవి. స్టెతస్కోపు ఆయన ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాలి, పొట్ట ఎక్కడ నొక్కమంటే అక్కడ నొక్కాలి.

జనానికి అది నచ్చలేదు. "చెయ్యి పట్టి చూడని డాక్టరేం డాక్టరమ్మా! నా ఒళ్ళు కాలతందో లేదో ఆయనకెట్టా తెలుస్తది?" అంటూ చెంచయ్య అనే ముసలాయన మొదటి వారమే లేచి వెళ్ళిపోయాడు. డాక్టరుకీ నచ్చలేదు. మైకు ఆపేశాననుకుని, "ఫొటోకి వైద్యం చేస్తున్నట్టుంది" అని ఒకసారి ఎవరితోనో అన్నాడు. ఆమెకి వినపడింది.

వచ్చేవాళ్ళూ ఫొటోకి వచ్చినట్టే వచ్చేవాళ్ళు. పెట్టెలో బట్టలు తీసి కట్టుకుని, ముఖానికి పౌడరు దట్టించుకుని. రక్తం లేక పాలిపోయిన ఆడవాళ్ళ ముఖాలు తెరమీద కళకళలాడేవి. రహమతున్నీసా వరండాలో బకెట్టు నీళ్ళు పెట్టి అందరి చేతా ముఖం కడిగించేది.

సిలార్ ఒక్కడే కడుక్కోలేదు. ఆమె వీధివాడే. ఆరు నెలలుగా దగ్గు, నాలుగడుగులేస్తే ఆయాసం. టీబీ మందులు వాడినా తగ్గలేదు. తెల్లచొక్కా వేసుకుని వచ్చి, గుమ్మం దగ్గర ఆమెని ఆపాడు.

"అక్కా, రాయి పని సంగతి ఆయనకి చెప్పమాక. మానెయ్యమంటాడు. ఇంకో పని నాకేం వచ్చు?"

"అడిగితే?"

"బట్టల కొట్లో గుమాస్తానంటా."

డాక్టరు అడిగాడు. సిలార్ అదే చెప్పాడు. ఆమె స్టెతస్కోపు పెట్టింది.

"ఎడమవైపు కింద, సిస్టర్. ఇంకోసారి. సిగరెట్లు తాగుతాడా?"

"అలవాటు లేదండీ," అన్నాడు సిలార్.

 అప్పుడు డాక్టరు అంతకుముందెప్పుడూ అడగని మాట అడిగాడు. "సిస్టర్, నాకు ఇక్కడ చొక్కా, పౌడరు తప్ప ఏమీ కనపడటం లేదు. మీరు పక్కనే ఉన్నారు. మీకేం కనపడుతోంది?"

సబ్బుకి లొంగని బూడిదరంగు గీతలు సిలార్ గోళ్ళ చుట్టూ ఉన్నాయి. చెవి మడతలో రాతిపొడి ఉంది. చెబితే వాడి పని పోతుంది. చెప్పకపోతే మళ్ళీ ఆ టీబీ మాత్రలే.

"సిలార్, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నీ నోట్లో ఏదీ ఆగదా అక్కా?" అన్నాడతను. ఆ మాట మైకులోంచి హైదరాబాదు దాకా వెళ్ళింది. ఇక దాచేదేముంది? "గ్రానైటండీ. పదకొండేళ్ళు. గ్రైండరు పట్టుకుని పలకల అంచులు కోస్తా. నీళ్ళు పొయ్యం, ఎండు పనే."

డాక్టరు కోప్పడలేదు. ఎక్స్‌రే రాశాడు. "రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందనుకుంటున్నా. లోపలికి పోయింది తియ్యలేం. ఇంకా పోకుండా చూసుకోవాలి. ఆ పని మానెయ్యి."

"మానేసి ఏం తినమంటారండీ?"

 లైను తెగిందేమోనని రహమతున్నీసా వైర్లు చూసింది. తెగలేదు.

ఎక్స్‌రేలో అదే తేలింది. నెలన్నర పాటు సిలార్ ఆమెతో మాట్లాడలేదు. అతని భార్య మెహర్ పంపు దగ్గర ముఖం తిప్పుకునేది.

తర్వాత ఒక శుక్రవారం అతనే వచ్చాడు. పౌడరు లేదు. పాంటు మోకాళ్ళ దాకా తడి బురద, బూడిదరంగుది.

"కాళ్ళన్నా కడుక్కోరా!"

"ఎందుకక్కా? చూడనీ ఆయన్ని."

డాక్టరు తెరలోంచి ముందుకి వంగాడు. "మానలేదా?"

"లేదండీ. నీళ్ళు పోసే పాలిష్ మిషను మీదకి మారా. కూలి తక్కువే. దుమ్ము మాత్రం లేవదు."

"పూర్తిగా మానితేనే మంచిది," అన్నాడు డాక్టరు. "సరే, అదైనా మేలే. సిస్టర్, ఒకసారి చూడండి."

స్టెతస్కోపు ఎక్కడ పెట్టాలో ఈసారి ఆయన చెప్పలేదు. ఆమె ఎడమవైపు కింద పెట్టింది.