దోబ్రి బాబాయ్ డీజిల్ పొగ

సోఫియా నగరం, ల్యూలిన్ పేటలో ఉండే దోబ్రి బాబాయ్‌కి వ్యసనం ఒక్కటే, డీజిల్ పొగను వెనకేసుకురావడం. అంత గట్టిగా ఆయన పెళ్లాన్ని కూడా ఏనాడూ వెనకేసుకురాలేదు. పాత డీజిల్ బళ్లని నగరంలో తిరగనివ్వరట అని టీవీలో చెబితే, టీవీతోనే పోట్లాటకి దిగాడు. కొత్త నిబంధనలకి మీరు అనుకూలమా, వ్యతిరేకమా అని సర్వే అమ్మాయి గుమ్మంలోకొచ్చి అడిగితే, లోపలికి పిలిచి, కాఫీ ఇచ్చి, సాయంత్రం దాకా వ్యతిరేకించాడు. వాకిట్లో మిరపకాయలు కాల్చుకుంటున్న ఆడవాళ్లనైనా వదిలాడా? ఆ పొగకి, యూరప్ నిబంధనలు రాసే బ్రస్సెల్స్ అనుమతి ఉందో లేదో వాళ్లని ఆరా తీశాడు.

అపార్ట్‌మెంటు పెద్ద ప్లామెన్‌కి మాత్రం స్వచ్ఛమైన గాలంటే ప్రాణం. కొత్త డీజిల్ కారు కొన్నాక మరీనూ. కింది వాటాలో యోంకా మామ్మకి ఉబ్బసం. ఆవిడ పేరు చెప్పుకుని కళ్లు తుడుచుకుంటూ, పాత డీజిల్ బళ్లు ఆవరణలో ఉండకూడదని తీర్మానం రాశాడు. పాత బండి ఉన్నది బాబాయ్ ఒక్కడికే. చోటు పోతే దాన్ని తుక్కుకి అమ్ముకోవాల్సిందే.

పైగా అది పొద్దున్నే స్టార్టయ్యేది కాదని అందరి నమ్మకం. బాబాయ్ రోజూ రొప్పుకుంటూ దాన్ని వీధి మలుపు దాకా తోసుకుపోతుంటే, ప్లామెన్ తన ఇంజను వేడెక్కే దాకా కార్లో వెచ్చగా కూర్చుని జాలిపడేవాడు.

మెట్ల దగ్గర సమావేశం పెట్టారు. తీర్మానానికి అందరూ చేతులెత్తారు, బాబాయ్, యోంకా మామ్మ తప్ప.

"ఇదంతా నీ ఊపిరి కోసమే కదా, మామ్మా," అన్నాడు ప్లామెన్.

"మొన్న నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లింది ఆ బండే, నాయనా. తాళం తిప్పీ తిప్పగానే కదిలింది. దోబ్రి దాన్ని రోజూ తోసుకెళ్లేది నా కిటికీ కింద పొగ పెట్టడం ఇష్టం లేక. పొద్దున్నే నాకు దగ్గు తెప్పించేది నీ కొత్త కారు."

దొంగతనం బయటపడ్డట్టు బాబాయ్ మొహం కందిపోయింది.

"అదేం లేదు. బ్యాటరీ చచ్చింది," అన్నాడు. తన బండిని ఆయన నోటితో ఆయనే తిట్టడం పేటవాళ్లు వినడం అదే మొదలు.

తీర్మానం మూలపడింది. మర్నాడు పొద్దున్నే ప్లామెన్ సిగ్గుపడుతూ తన కారుని తొయ్యబోయాడు. దిట్టమైన బండి, జానెడు కూడా కదల్లేదు. బాబాయ్ వచ్చి పక్కన భుజం ఆనించాడు.

"ఆ నిబంధనలు రాసినవాళ్లని పిలవరాదూ, వచ్చి తోస్తారు," అంటూ, మలుపు దాకా యూరప్ మొత్తాన్నీ తిడుతూనే తోసిపెట్టాడు.