పెద్దాయన చిటికెన వేలు

తుపాకీ ఎవరిదైనా సరే, చేతికి రాగానే బోల్టు వెనక్కి లాగి, తూటా ఉండే చోట చిటికెన వేలు పెట్టి చూసేవారు మా పక్కింటి పెద్దాయన. ఆస్ట్రేలియాలోని మా ఊరు టూవూంబాలో తుపాకీ యజమానుల హక్కుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు.

కొత్త శతాబ్దం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని జనం బెంగపడుతున్న ఏడాది, సంఘం బోర్డుకు అభ్యర్థులను ఎంచడానికి సభ పెట్టారు. మావారూ నిలబడ్డారు. అడవిపందుల వేటకు కొన్న తుపాకీని మావారు తూటా ఉందో లేదో చూడకుండానే ఇనుప బీరువాలో పెట్టేసేవారు. ఇంట్లో మనవరాలుందన్నా వినేవారు కాదు.

అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న నాచేత పెద్దాయన అభ్యర్థుల పేర్లు సభలో నల్లబల్ల మీద రాయించారు. నోటితో ఎన్నడూ పలకని మావారి పేరు కూడా రాశాను. తర్వాత ఒక్కొక్కరి చేతికీ తన తుపాకీ ఇచ్చి మాట్లాడమన్నారు. మిగతా ఇద్దరూ ముందు బోల్టు లాగి చూశారు. మావారు దాన్ని చంకన పెట్టుకుని ఉపన్యాసం మొదలుపెట్టారు.

"సారీ మేట్, నువ్వు చూడలేదు," అన్నారు పెద్దాయన.

"ఇందాకే మీరు చూశారుగా!"

"నేను చూసింది నా కోసం." పెద్దాయన నావైపు తిరిగారు. "ఆ పేరు తుడిచెయ్యి."

తుడిచేశాను.

"నా పేరు తుడవడానికి చేతులెలా వచ్చాయే?" అన్నారు మావారు కారెక్కగానే.

"రాసిన చేతులే కదండీ," అన్నాను.

ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా బీరువా తెరిచారు. బోల్టు లాగగానే తూటా ఒకటి ఊడి నేల మీద పడింది. మావారు ఖాళీ అయిన ఆ చోట చిటికెన వేలు పెట్టి మళ్లీ చూశారు.

నా గుండెల మీది బరువు దిగిపోయింది.